ఇగ్బోలు: ఊరు దాటాకే దొరికిన పేరు

ఉత్తర నైజీరియాలో జుంగేరు అని ఒక చిన్న ఊరుంది. బ్రిటిష్ వాళ్ళ కాలంలో కొన్నేళ్ళు ఉత్తర ప్రాంతానికి రాజధానిగా ఉండి, ఆ తర్వాత రైలు దారిలో ఒక స్టేషన్‌గా మిగిలిపోయింది. హౌసా భాష నడిచే ప్రాంతం అది. ఇగ్బోల సొంత నేల అక్కడికి వందల కిలోమీటర్ల దూరంలో, ఆగ్నేయ దిక్కున ఉంటుంది. అయినా ఇరవయ్యో శతాబ్దపు ఇగ్బో రాజకీయాల్లో అందరికంటే పెద్ద పేర్లు రెండూ జుంగేరులో పుట్టినవే. 1904 నవంబరులో న్నామ్ది అజికివె పుట్టారు. స్వతంత్ర నైజీరియాకు ఆయన తొలి అధ్యక్షుడు. 1933 నవంబరులో ఎమెకా ఓజుక్వు పుట్టారు. ఆ నైజీరియాతో ఇక మాకు పొసగదంటూ 1967లో బియాఫ్రా అనే కొత్త దేశాన్ని ప్రకటించింది ఆయనే.

ఇద్దరిలో ఒక్కరు కూడా ఇగ్బో నేల మీద పుట్టలేదు. ఏదో అలా కలిసొచ్చిందిలే అనుకుని వదిలేయొచ్చు. కానీ ఇగ్బో అనే గుర్తింపు ఎలా తయారైందో తెలుసుకోవాలంటే ఇంతకంటే మంచి తీగ దొరకదు. లాగితే డొంకంతా కదులుతుంది.

ముందు ఈ పేరు పలకడం గురించి ఒక మాట. ఇగ్బోలో గ్, బ్ అని మనం రెండక్షరాలు రాస్తున్నాం గానీ వాళ్ళ నోట అది ఒకే శబ్దం. గొంతు, పెదవులు ఒకేసారి పనిచేయాలి. బ్రిటిష్ వాళ్ళకు నోరు తిరక్క 'ఈబో' అని రాసుకున్నారు. పాత పుస్తకాల్లో అలాగే కనిపిస్తుంది.

వీళ్ళెవరు అంటే పైపై జవాబు సులువే. నైజీరియా ఆగ్నేయంలో అబియా, అనంబ్రా, ఎబోన్యి, ఎనుగు, ఇమో అని అయిదు రాష్ట్రాలున్నాయి. దాదాపు పూర్తిగా ఇగ్బో రాష్ట్రాలవి. నైజర్ నదికి పడమటి గట్టున డెల్టా రాష్ట్రంలో ఇంకొందరు, దక్షిణాన పోర్ట్ హార్‌కోర్ట్ చుట్టుపక్కల మరికొందరు ఉన్నారు. మొత్తం ఎంతమంది అంటే మాత్రం ఎవరి లెక్క వాళ్ళది. నైజీరియాలో ఆఖరి జనాభా లెక్కలు 2006లో జరిగాయి. అందులో జాతి ఏమిటి, మతం ఏమిటి అన్న ప్రశ్నలే పెట్టలేదు. మూడు కోట్ల పైమాటే అని మామూలుగా చెప్పుకుంటారు.

కష్టమైన ప్రశ్న ఇంకొకటుంది. ఇంతమంది 'మేం ఇగ్బోలం' అని ఎప్పటి నుంచి అనుకుంటున్నారు?

దీనికి చినువా అచెబె ఒకచోట చాలా తేటగా జవాబు చెప్పారు. తెలుగులోకి కూడా వచ్చిన నవలతో 1958లో ప్రపంచానికి తెలిసిన రచయిత ఆయన. వెనకటి రోజుల్లో తమ వైపు జనం తమను ఇగ్బోలుగా చూసుకోలేదనీ, ఫలానా ఊరివాళ్ళం అనే అనుకునేవారనీ, కొన్నిచోట్ల ఇగ్బో అనడం తిట్టుతో సమానమనీ ఆయన అన్నారు. నది ఒడ్డున ఉన్న ఒనిచ్చా లాంటి పట్టణాల వాళ్ళు లోపలి అడవి పల్లెల వాళ్ళను చులకనగా పిలిచే పేరది. అదే మాట బియాఫ్రా యుద్ధం నడిచిన రెండున్నరేళ్ళలో ప్రాణమిచ్చే మాటగా మారిపోయింది.

అంతకుముందు ఏముండేదంటే, ఊరు. 'ఇగ్బో ఎన్వే ఎజె' అని వాళ్ళ నానుడి. ఇగ్బోలకు రాజు లేడు అని అర్థం. పూర్తిగా నిజం కాదది. ఒనిచ్చాకు ఓబి అనే రాజు ఉన్నాడు, న్రి అనే ఊళ్ళో పూజారి రాజుల పరంపర ఉంది. కానీ ఎక్కువ పల్లెల్లో రాజు లేని మాట నిజమే. ఉమున్న అని ఒకే తండ్రి సంతతి వాళ్ళ గుంపు, అంటే మన దాయాదులు. ఉముఆడ అని ఆ వంశంలో పుట్టి బయటి ఊళ్ళకు పెళ్ళయి వెళ్ళిన ఆడవాళ్ళు, అంటే ఆడపడుచులు. మనకు ఈ రెండు మాటలూ ముందే ఉండటం వల్ల చెప్పడం తేలికైంది గానీ, వాళ్ళ ఆడపడుచుల సంఘానికి ఉన్న పవర్ మన ఆడపడుచులకు ఎన్నడూ లేదు. అన్నదమ్ముల తగువుల్లో కూర్చుని తీర్పు చెప్పడం దగ్గర నుంచి చావు దగ్గర తంతు సరిగా జరిగిందా లేదా తేల్చడం దాకా వాళ్ళ మాట నడుస్తుంది. వీళ్ళకు తోడు ఒకే ఈడు వాళ్ళ జట్లు, డబ్బూ పేరూ సంపాదించి ఓజో బిరుదు తీసుకున్న పెద్దలు. ఊరంతా కూర్చుని వాదులాడి ఒక నిర్ణయానికి వచ్చేది.

ఇలాంటి జనాన్ని ఎలా పాలించాలో బ్రిటిష్ వాళ్ళకు అర్థం కాలేదు. ఉత్తరాన ఎమీర్లనే ముస్లిం ప్రభువులు ఉన్నారు కాబట్టి వాళ్ళ చేత పన్నులు కట్టించుకున్నారు. ఇక్కడ అలాంటివాళ్ళు లేరు. దాంతో తమకు నచ్చినవాణ్ణి పట్టుకుని ఒక కాగితం చేతికిచ్చి నువ్వే చీఫ్‌వి అన్నారు. వారెంట్ చీఫ్‌లని వీళ్ళకు పేరు. 1929 నవంబరులో ఒలోకో అనే ఊళ్ళో ఒక వారెంట్ చీఫ్ పంపిన మనిషి న్వాన్యెరువా అనే ఆమె ఇంటికి వచ్చి మనుషులనూ మేకలనూ లెక్క చెప్పమన్నాడు. అప్పటికే మగవాళ్ళ మీద పన్ను పడింది. ఇప్పుడు ఆడవాళ్ళ మీద కూడా వేస్తారేమోనని కబురు సంతల్లో పాకిపోయింది. వేలమంది ఆడవాళ్ళు చీఫ్‌ల ఇళ్ళ ముందు బైఠాయించారు. రాత్రంతా ఆ మగవాణ్ణి తిడుతూ పాటలు పాడారు. తప్పు చేసిన మగవాడికి ఇగ్బో ఆడవాళ్ళు మొదటి నుంచీ వేసే శిక్షే అది. ప్రభుత్వం కాల్పులు జరిపింది. 50 మందికి పైగా ఆడవాళ్ళు చనిపోయారు. దొరల ఫైళ్ళలో ఇది 'అబా అల్లర్లు'గా నమోదైంది. ఆ ఆడవాళ్ళు మాత్రం యుద్ధం అనే అన్నారు. చాలామంది ఇప్పుడు దీన్ని ఇగ్బో ఆడవాళ్ళ పోరాటంగా చెప్పుకుంటారు గానీ, పొరుగున ఉన్న ఇబిబియో ఆడవాళ్ళు కూడా అందులో ఉన్నారు, చనిపోయారు. జాతి గీతలు అప్పటికింకా ఇప్పుడున్నంత గట్టిగా పడలేదు.

మరి ఆ గీతలు గీసిందెవరు? మొదట గీసింది బయటివాళ్ళు, బయటికి పోయినవాళ్ళు.

బానిసల ఓడలు ఎక్కించిన రేవుల్లో 'ఈబో' అన్నది సరుకు మీద రాసే పేరు. ఏ ఊరివాళ్ళయినా ఓడలోకి వచ్చాక అందరూ ఈబోలే. అలా ఓడెక్కినవాళ్ళలో అందరికీ తెలిసిన పేరు ఒలాడా ఎక్వియానో. డబ్బు కట్టి విడుదలై, 1789లో లండన్‌లో తన జీవితకథ అచ్చు వేసి, బానిసల వ్యాపారానికి వ్యతిరేకంగా ఊరూరా తిరిగారు. తాను ఈబో పల్లెలో పుట్టానని అందులో రాసుకున్నారు. అయితే 1759 నాటి ఆయన బాప్తిజం రికార్డులో పుట్టిన చోటు అమెరికాలోని కరోలినా అని ఉన్నట్టు ఒక పరిశోధకుడు బయటపెట్టాక పెద్ద దుమారమే రేగింది. ఇగ్బో పండితులు మా పిల్లవాడే అంటారు. ఫలానా ఊరే ఆయన ఊరని కూడా చూపిస్తారు. నాకు ఇందులో ఆసక్తిగా అనిపించేది వేరే సంగతి. ఆయన అక్కడే పుట్టి ఉంటే, పిల్లవాడిగా చూసిన నాలుగు పల్లెలకు ఒక జాతి పేరు పెట్టడం సముద్రం దాటాకే నేర్చుకున్నారు. పుట్టకపోయి ఉంటే, తోటి బానిసల దగ్గర విన్నది తన ఊరుగా చేసుకున్నారు. ఎలా చూసినా ఆ పేరు ఆయనకు దొరికింది ఇంటి బయటే.

ఇగ్బో భాష అచ్చుకెక్కడం కూడా ఇలాగే మొదలైంది. బ్రిటిష్ నౌకాదళం పట్టుకున్న బానిస ఓడల్లోంచి దింపిన జనాన్ని సియెరా లియోన్‌లోని ఫ్రీటౌన్‌లో వదిలేవారు. వేర్వేరు యాసల ఇగ్బోలు అక్కడ ఒకరి మాట ఒకరికి అర్థమయ్యేలా మాట్లాడటం నేర్చారు. 1857లో వచ్చిన తొలి ఇగ్బో వాచకానికి ఆ భాషే ఆధారం. తయారుచేసిన శామ్యూల్ అజాయి క్రౌథర్ యొరుబా మనిషి, అంటే నైరుతి నైజీరియాలోని ఇంకో పెద్ద జాతివాడు. అదే ఏడు ఆయన వెంట ఒనిచ్చా వచ్చి మిషన్ పెట్టిన జాన్ క్రిస్టఫర్ టేలర్ ఫ్రీటౌన్‌లో ఇగ్బో తల్లిదండ్రులకు పుట్టినవాడు. ఇంటికి వచ్చిన ఆ వాచకం భాష ఇంట్లోవాళ్ళకే సరిగా అర్థం కాలేదు!

ఆ తర్వాత థామస్ డెనిస్ అనే మిషనరీ నాలుగైదు యాసలు కలిపి 'యూనియన్ ఇగ్బో' అని ఒకటి తయారుచేసి, 1913లో బైబిల్‌ని అందులోకి తెచ్చారు. గుళ్ళలో, బళ్ళలో అదే నడిచింది. అచెబెకు ఇది అస్సలు నచ్చేది కాదు. ఎవరూ ఇంట్లో మాట్లాడని భాషను అందరి నెత్తినా రుద్దారని జీవితాంతం కోపంగానే ఉన్నారు. 1999లో ఒవెరిలో ఒక పెద్ద సభకు పిలిస్తే, ప్రామాణిక ఇగ్బోను పక్కనపెట్టి తన ప్రాంతపు యాసలోనే ప్రసంగించారు. సభలో కొందరికి కష్టంగా తోచింది. మన దగ్గర వాడుక భాష గొడవ జరిగి నూరేళ్ళయింది కాబట్టి ఆ ఇబ్బంది మనకు బాగానే అర్థమవుతుంది. కాకపోతే ఇంగ్లీషులో రాసి పేరు తెచ్చుకున్న మనిషి ఇగ్బో ఎలా రాయాలో చెప్పడమేమిటని ఎత్తిపొడిచిన వాళ్ళూ లేకపోలేదు.

ఇక రైలు. బొగ్గు గనులున్న ఎనుగు నుంచి ఉత్తరానికి పట్టాలు పడ్డాక, చదువుకున్న ఇగ్బో కుర్రాళ్ళు గుమస్తాలుగా, టీచర్లుగా, పోస్టాఫీసు ఉద్యోగులుగా ఉత్తరాది పట్టణాలకు వెళ్ళారు. వెనకే వ్యాపారులు వెళ్ళారు. ఊళ్ళో నేల తక్కువ, జనం ఎక్కువ, అందుకే ఈ ప్రయాణం. ఉత్తరాది నగరాల్లో వీళ్ళకు పాత కోట బయట 'సబోన్ గరి' అనే పేటల్లో చోటిచ్చారు. హౌసాలో కొత్త ఊరు అని దాని అర్థం. అక్కడ ఒగిడి వాడైనా, న్నెవి వాడైనా, ఒవెరి వాడైనా పక్కవాడి కంటికి ఇగ్బోనే. ప్రతి ఊరివాళ్ళూ సంఘం పెట్టుకున్నారు. నెలనెలా చందా వేసుకున్నారు. ఊళ్ళో బడి కట్టించారు, తెలివైన పిల్లవాణ్ణి విదేశాలకు చదువుకు పంపారు. ఊరి సంఘాలన్నీ కలిసి 1940ల్లో ఇగ్బో యూనియన్ అయ్యాయి.

అజికివె తండ్రి కూడా ఇలా సైన్యంలో గుమస్తాగా వెళ్ళినవాడే. పిల్లవాడికి హౌసా గడగడా వస్తోంది గానీ ఇగ్బో రావడం లేదని తండ్రికి దిగులు పట్టుకుంది. ఎనిమిదేళ్ళ వయసులో నానమ్మ దగ్గరికి ఒనిచ్చా పంపించేశాడు. ఆ తర్వాత యొరుబాల వైపు ఉన్న పెద్ద నగరం లాగోస్‌లో చదువుకుంటూ యొరుబా కూడా నేర్చారు అజికివె. దేశంలోని మూడు పెద్ద భాషలూ వచ్చిన నాయకుడు కాబట్టే మొత్తం నైజీరియా ఒకటి అన్న మాట ఆయన నోట సహజంగా ఉండేది. అమెరికాలో చదివి వచ్చి, 1937లో లాగోస్‌లో పత్రిక పెట్టి, దొరల మీద ధ్వజమెత్తారు. 1934లో తన క్రైస్తవ పేరు బెంజమిన్‌ను వదిలేశారు.

పేర్లు వదిలేయడం ఆ తరం మొత్తానికీ అలవాటే. కాలేజీ రోజుల్లో అచెబె తన పేరులోని ఆల్బర్ట్‌ను తీసేశారు. విక్టోరియా రాణి మొగుడి పేరు అది. అకాను ఇబియామ్ అనే పెద్దమనిషి డాక్టరు, బ్రిటిష్ వాళ్ళు సర్ బిరుదిచ్చినవాడు. 1967లో యుద్ధంలో బ్రిటన్ నైజీరియా పక్షం చేరినందుకు ఆ బిరుదును తిప్పి కొట్టి, ఫ్రాన్సిస్ అన్న పేరునూ వదులుకున్నారు.

ఆ యుద్ధం దగ్గరికే వద్దాం. దానికి ముందు ఇంకొక పేరు చెప్పాలి. చుక్వుమ కడునా న్జెయొగ్వు. తల్లిదండ్రులది నైజర్‌కు పడమట ఒక్పనమ్ అనే ఊరు. కొడుకు 1937లో ఉత్తరాన కడునా నగరంలో పుట్టాడు. అందుకే పేరులో ఆ ఊరు. హౌసా మాతృభాషలా మాట్లాడేవాడు. 1966 జనవరి 15 రాత్రి కొందరు యువ సైనికాధికారులు తిరుగుబాటు చేసి ప్రధానిని, ఉత్తర, పశ్చిమ ప్రాంతాల ముఖ్యమంత్రులను చంపేశారు. కడునాలో దాన్ని నడిపించింది ఈయనే. కుట్రదారుల్లో ఎక్కువమంది ఇగ్బోలు. చనిపోయిన పెద్ద నాయకుల్లో ఇగ్బోలు లేరు. పైగా ఆ తర్వాత పగ్గాలు చేపట్టిన జనరల్ ఐరన్‌సి కూడా ఇగ్బోనే. కుట్రలో యొరుబా అధికారి ఉన్నాడని, చనిపోయిన అధికారుల్లో ఒక ఇగ్బో ఉన్నాడని, ఐరన్‌సికి కుట్రతో సంబంధం లేదని, కానోలో దళానికి అధిపతిగా ఉన్న ఓజుక్వు ఈ తిరుగుబాటుతో కలవలేదని ఎవరు ఎంత చెప్పినా ఉత్తరాదిలో ఎవరూ వినే స్థితిలో లేరు. ఇది ఇగ్బోల కుట్ర అన్న ముద్ర పడిపోయింది.

జులైలో ఎదురు తిరుగుబాటు జరిగి ఐరన్‌సిని చంపారు. అదే ఏడు ఉత్తరాది పట్టణాల్లో సబోన్ గరి పేటల మీద పడి వేలమందిని నరికారు. పది లక్షల మందికి పైగా జనం రైళ్ళలో, లారీల్లో తూర్పుకు పారిపోయి వచ్చారు. చాలామంది పిల్లలు సొంత ఊరిని అప్పుడే మొదటిసారి చూడటం. బయట పుట్టిన ఇగ్బోతనం ఇంటికి తిరిగివచ్చింది అప్పుడే, అదీ ఆ రూపంలో.

1967 మే 30న తూర్పు ప్రాంత సైనిక గవర్నర్‌గా ఉన్న ఓజుక్వు బియాఫ్రాను ప్రకటించారు. అప్పటికి ఆయన వయసు 33. లాగోస్‌లో కోటీశ్వరుడైన లారీల వ్యాపారి కొడుకు, ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర చదివినవాడు. తండ్రి డబ్బుతో హాయిగా బతకొచ్చు, సైన్యంలో చేరారు. బియాఫ్రాను గుర్తించిన దేశాలు అయిదే: టాంజానియా, జాంబియా, గాబన్, ఐవరీ కోస్ట్, హైతి. నైజీరియా దాని చుట్టూ దిగ్బంధం వేసింది. ఆకలితో పొట్టలుబ్బిన పిల్లల ఫొటోలు ప్రపంచమంతా చూసింది. చనిపోయినవాళ్ళు పది లక్షల నుంచి ముప్పై లక్షల దాకా అని రకరకాల అంచనాలు. ఎక్కువ భాగం ఆకలి చావులే. 1970 జనవరిలో ఓజుక్వు విమానమెక్కి ఐవరీ కోస్ట్ వెళ్ళిపోయారు. మిగిలిన సైన్యం తరఫున లొంగుబాటు కాగితం మీద సంతకం పెట్టిన ఫిలిప్ ఎఫియాంగ్ ఇబిబియో మనిషి.

ఈ చివరి వాక్యం దగ్గర కాస్త ఆగాలి. బియాఫ్రా అంటే ఇగ్బోల దేశం అని ఇప్పుడు అందరూ అనేస్తారు. కానీ ప్రకటించిన సరిహద్దుల్లో ఇబిబియోలు, ఎఫిక్‌లు, ఇజాలు, ఒగోనీలు లక్షల్లో ఉన్నారు. కొందరు మనస్ఫూర్తిగా కలిశారు, ఎఫియాంగ్ లాగా. ఇంకొందరికి అది ఒక పెద్దన్న చేతిలోంచి ఇంకో పెద్దన్న చేతిలోకి పోవడంలా తోచింది. ఒగోనీ రచయిత కెన్ సారో-వివా నైజీరియా పక్షం నిలిచారు. అజికివే మొదట బియాఫ్రా తరఫున దేశాలు తిరిగి, 1969లో నైజీరియా వైపు వచ్చేశారు. ఆయన్ను ఇప్పటికీ క్షమించని ఇళ్ళున్నాయి.

యుద్ధం అయ్యాక 'గెలిచినవాళ్ళు లేరు, ఓడినవాళ్ళు లేరు' అని నైజీరియా అధినేత గోవన్ ప్రకటించారు. మాట గొప్పదే. కానీ బ్యాంకులో ఎంత డబ్బున్నా బియాఫ్రా వాళ్ళకు ఇచ్చింది మనిషికి 20 పౌండ్లు. పోర్ట్ హార్‌కోర్ట్‌లో ఇగ్బోలు వదిలి వచ్చిన ఇళ్ళను 'యజమానులు లేని ఆస్తి' కింద జమకట్టి స్థానికులు ఉంచేసుకున్నారు. ఆ నగరం చుట్టూ ఉండే ఇక్వెరెలు తమ ఊళ్ళ పేర్ల ముందున్న 'ఉము'ను 'రుము'గా మార్చుకున్నారు. రుమువోలా, రుమువొకొరో లాంటి పేర్లు అలా వచ్చినవే. ఉము అంటే ఇగ్బోలో సంతానం. ఒక్క అక్షరం చేర్చి మేం ఇగ్బోలం కాము అని ప్రకటించుకోవడం అన్నమాట. అవకాశవాదం అని ఇగ్బోలు ఈసడిస్తారు. నాకైతే ఇద్దరి మాటలోనూ కొంత నిజం కనిపిస్తుంది. ఇక్వెరెలు భాషలో దగ్గరివాళ్ళే. కానీ మన ఊరు, మన దాయాదులు అన్నదే అసలు గుర్తింపు అయిన చోట, ఆ పెద్ద పేరు మాకొద్దు అనే హక్కు కూడా పాత సంప్రదాయంలోదే.

నైజర్ పడమటి గట్టు వాళ్ళకూ ఇదే చిక్కు. అనియోమా అంటారు వాళ్ళను. 1967 అక్టోబరులో అసాబాలో నైజీరియా సైన్యం వందలమంది మగవాళ్ళను వరసగా నిలబెట్టి కాల్చింది, ఇగ్బోలనే కారణంతో. తీరా ఇగ్బో రాజకీయాల లెక్కలు వేసేటప్పుడు మాత్రం ఆ అయిదు రాష్ట్రాల్లో లేరు కాబట్టి వాళ్ళు సగం బయటివాళ్ళు. ప్రపంచ వాణిజ్య సంస్థకు 2021 మార్చి నుంచి అధిపతిగా ఉన్న న్గోజి ఒకొంజో-ఇవెయాలా ఈ వైపు మనిషే. పుట్టింది ఒగ్వాషి-ఉక్వులో, తండ్రి ప్రొఫెసరు, ఆ ఊరికి రాజు కూడా. రాజు లేని జాతి అనే మాట ఇక్కడ కూడా తడబడుతుంది. మెట్టినిల్లు అబియాలోని ఉమువాహియా. పదవి వచ్చిన రోజున అందరూ మా అమ్మాయే అన్నారనుకోండి.

20 పౌండ్లతో మొదలుపెట్టిన జనం మళ్ళీ ఎలా నిలబడ్డారన్నది ఇగ్బోలు అన్నిటికంటే గర్వంగా చెప్పుకునే కథ. దానికి సాధనం 'ఇగ్బా బోయి'. మీసాలు రాని కుర్రాణ్ణి దుకాణదారు దగ్గర పెడతారు. ఆ యజమానిని ఓగా అంటారు. అయిదారేళ్ళు, ఒక్కోసారి ఎనిమిదేళ్ళు జీతం లేకుండా పనిచేస్తాడు. ఓగా ఇంట్లోనే తిండి, పడక. సరుకు ఎక్కడ దొరుకుతుందో, ఎవరికి అప్పివ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో నేర్చుకుంటాడు. గడువు తీరాక ఓగా పెట్టుబడి పెట్టి సొంత దుకాణం తెరిపించాలి. దీన్ని సెటిల్‌మెంట్ అంటారు. శిష్యుడు పోటీదారు అవుతాడని తెలిసీ డబ్బిచ్చి నిలబెట్టే పద్ధతి కాబట్టి మేనేజ్‌మెంట్ పండితులు దీన్ని తెగ మెచ్చుకుంటున్నారు. కోస్కారిస్ సంస్థల అధిపతి కోస్మాస్ మదూకా మేనమామ దగ్గర ఏళ్ళపాటు పనిచేస్తే చేతిలో పెట్టింది 200 నైరాలు (నైజీరియా డబ్బు). దాంతోనే విడిభాగాల వ్యాపారం మొదలుపెట్టి తర్వాత ఖరీదైన కార్ల డీలరు అయ్యారు. న్నెవిలో మోటార్‌సైకిల్ సామాన్లు అమ్మిన ఇన్నొసెంట్ చుక్వుమ అదే ఊళ్ళో కార్ల ఫ్యాక్టరీ పెట్టారు. పండితులు తక్కువ చెప్పే భాగం కూడా ఉంది. గడువు దగ్గరపడగానే దొంగతనం నింద వేసి కుర్రాణ్ణి వట్టి చేతులతో గెంటేసే ఓగాలు తక్కువేం కాదు. రాతకోతలు ఉండవు, సాక్షులు దాయాదులే.

సినిమా పరిశ్రమ కూడా దుకాణంలోంచే వచ్చింది. 1992లో కెనెత్ న్నెబువె అనే ఎలక్ట్రానిక్స్ వ్యాపారి తన దగ్గరున్న ఖాళీ వీడియో క్యాసెట్లు అమ్ముడుపోవడానికి వాటి మీద ఒక కథ తీయించి అమ్మాడు. ఇగ్బో భాషలో తీసింది. విపరీతంగా ఆడింది. నాలీవుడ్ అక్కడి నుంచే లెక్క. అయితే దేశమంతా అమ్మాలంటే ఇంగ్లీషు కావాలని త్వరలోనే తెలిసింది. పెట్టుబడి ఇగ్బోలది, నటులు చాలామంది ఇగ్బోలు, కథల్లో ఊళ్ళు ఇగ్బో ఊళ్ళు, మాటలు మాత్రం ఇంగ్లీషు.

ఇళ్ళలో కూడా అంతే. ఇప్పటి పిల్లలకు జార్జ్, బెంజమిన్ లాంటి పేర్లు తగ్గిపోయాయి. చి అనే దైవం పేరు కలిసిన చిడీ, చియోమా, చినోన్సో లాంటివే ఎక్కడ చూసినా. తాతలకు ఇంగ్లీషు పేర్లుండి ఇగ్బో మాటలుండేవి. మనవలకు ఇగ్బో పేర్లున్నాయి, మాటలే ఇంగ్లీషు అయిపోయాయి. ఒక్కచోట మాత్రం మినహాయింపు లేదు. ఇంటికి చుట్టం వస్తే మనం తాంబూలం పెట్టినట్టు వాళ్ళు కోలా గింజ పెడతారు. పెద్దాయన దాన్ని పట్టుకుని ప్రార్థన చేసి పగలగొడతాడు. ఆ ప్రార్థన ఇగ్బోలోనే జరగాలి. కోలా గింజకు ఇంగ్లీషు అర్థం కాదట!

ఆ గింజను పగలగొట్టేది మగవాళ్ళే. ఆడవాళ్ళు పగలగొట్టకూడదు. 1929లో ఊళ్ళు ఏలినవాళ్ళను వణికించిన ఆడవాళ్ళ మనవరాళ్ళకు తండ్రి ఆస్తిలో వాటా కూడా ఉండేది కాదు. ఆ ఆచారం రాజ్యాంగానికి విరుద్ధమని నైజీరియా సుప్రీంకోర్టు 2014లో కొట్టేసింది. కోర్టు కొట్టేసినంత మాత్రాన దాయాదులు పొలం కొలిచి ఇస్తారా అన్నది వేరే ప్రశ్న. చిమమాండ న్గోజి అడిచియె ఈ విషయాలు ఊరుకోకుండా మాట్లాడే మనిషి. న్సుక్కా యూనివర్సిటీ క్వార్టర్స్‌లో ఒకప్పుడు అచెబె ఉన్న ఇంట్లోనే పెరిగారు. 2022 డిసెంబరులో ఆమె సొంత ఊరు అబ్బా ఆమెకు ఒడెలువ అని పెద్దరికపు బిరుదు ఇచ్చింది. ఆ ఊళ్ళో ఒక ఆడమనిషికి అలాంటిది ఇవ్వడం అదే మొదలని పత్రికలు రాశాయి.

ఇంకో ముడి ఉంది, గట్టిది. వెనకటికి దేవతకు అంకితం చేసిన మనుషుల సంతతిని 'ఒసు' అంటారు. వాళ్ళతో పెళ్ళి సంబంధం పెట్టుకోరు. 1956లోనే చట్టం చేసి రద్దు చేశారు. ఈరోజుకీ డాక్టరు అబ్బాయి, లాయరు అమ్మాయి లండన్‌లో ప్రేమించుకున్నా, ఊళ్ళో పెద్దవాళ్ళు వెళ్ళి వాకబు చేసి ఒసు అని తేలితే పెళ్ళి ఆగిపోతుంది. దీని గురించి తెలుగువాళ్ళకు నేను విడమరచి చెప్పాల్సిన పనేం లేదు.

రాజకీయాల్లో ఇద్దరు మనుషులు ఇప్పటి ఇగ్బో మనసులోని రెండు దారులు చూపిస్తారు. పీటర్ ఓబి ఒనిచ్చాలో పుట్టిన వ్యాపారి, అనంబ్రా మాజీ గవర్నరు. 2023లో అధ్యక్ష ఎన్నికల్లో పెద్ద పార్టీల అండ లేకుండా 60 లక్షలకు పైగా ఓట్లు తెచ్చుకుని మూడో స్థానంలో నిలిచారు. లాగోస్ రాష్ట్రంలో గెలిచారు. ఆయనకు ఓటేసినవాళ్ళలో ఇగ్బోలు కాని కుర్రకారు చాలామంది. సరిగ్గా మూడు వారాలకు లాగోస్‌లో గవర్నరు ఎన్నిక వచ్చింది. ఓబి పార్టీ అభ్యర్థి యొరుబా మనిషే, కాకపోతే తల్లి ఇగ్బో, భార్య ఇగ్బో. అంతే చాలు, నువ్వు మావాడివి కావన్నారు. ఇగ్బోల్లా కనిపించిన ఓటర్లను బూత్‌ల దగ్గర బెదిరించి పంపేశారు. మొహం చూసి పోల్చడం ఎంత కుదురుతుందో వేరే చెప్పాలా? కొట్టించుకున్నవాళ్ళలో యొరుబాలు కూడా ఉన్నారు.

రెండో మనిషి న్నామ్ది కాను. యుద్ధం నడుస్తున్న 1967 సెప్టెంబరులో పుట్టారు. లండన్‌లో కూర్చుని రేడియో బియాఫ్రా నడిపి, యుద్ధం చూడని తరాన్ని ఆ కలలోకి దించారు. 2015లో అరెస్టయ్యారు, బెయిలు మీద వచ్చి దేశం దాటారు, 2021లో కెన్యాలో పట్టుకుని వెనక్కు తెచ్చారు. ఆయన కోసం అని మొదలైన సోమవారం బంద్‌లు ఏళ్ళ తరబడి సాగి, ఆయన ఎవరి పేరు చెప్పుకున్నారో ఆ వ్యాపారుల దుకాణాలనే మూయించాయి. భయంతో మూసినవాళ్ళే ఎక్కువ. ఇగ్బోల్లో ఆయన్ను ఎంతమంది సమర్థిస్తారో లెక్క కట్టడం కష్టం. కానీ బియాఫ్రా వద్దనేవాళ్ళు కూడా 1970 నుంచి తమవాడు ఒక్కడూ దేశాధ్యక్షుడు కాలేదని, మిగతా ప్రాంతాలకు ఆరేసి, ఏడేసి రాష్ట్రాలుంటే తమకు అయిదే ఇచ్చారని తప్పకుండా గుర్తుచేస్తారు.

ఎక్కడ పుట్టినా, ఎక్కడ సంపాదించినా, ఊళ్ళో ఇల్లు కట్టాలి, చస్తే ఊళ్ళోనే పూడ్చాలి. లాగోస్‌లో అద్దె ఇంట్లో ఉండే వ్యాపారికి కూడా ఊళ్ళో రెండంతస్తుల మేడ ఉంటుంది. ఏడాదిలో క్రిస్మస్‌కు పదిరోజులు తప్ప తాళం తీయరు. జుంగేరులో పుట్టిన అజికివె 1996లో పోతే ఒనిచ్చాలో సమాధి చేశారు. 1982లో క్షమాభిక్ష పొంది తిరిగివచ్చిన ఓజుక్వు 2011లో లండన్‌లో కన్నుమూశారు. నైజీరియా సైన్యమే లాంఛనాలతో ఆయన శవపేటికను మోసింది. న్నెవిలో పూడ్చారు. అచెబె 2013లో అమెరికాలో పోయారు, శరీరం ఒగిడి చేరింది.

న్జెయొగ్వు మాత్రం చేరలేదు. దేశం ముక్కలవడం ఇష్టం లేకపోయినా బియాఫ్రా తరఫునే పోరాడుతూ 1967 జులైలో న్సుక్కా దగ్గర చనిపోయాడు. శవాన్ని గుర్తుపట్టిన శత్రు సైన్యం విమానంలో ఉత్తరానికి తీసుకెళ్ళి, సైనిక లాంఛనాలతో పూడ్చింది, కడునాలో.